చుండ్రు, గోళ్లకు గుంటలు... అన్నీ సోరియాసిస్ వల్లేనా?

ప్రశ్న: మాది నర్సంపేట దగ్గర పల్లె. వయసు 38. మూడేళ్ల కింద మోచేతుల మీద పొలుసులు లేస్తే సోరియాసిస్ అన్నారు. ఇప్పుడు తలలో చుండ్రులా రాలుతోంది. గోళ్లకు గుంటలు పడ్డాయి. రొమ్ముల కింద ఎర్రగా మండుతోంది. మా అత్తమ్మ నా కంచం వేరుగా పెడుతోంది. పిల్లలకు అంటుకుంటుందా డాక్టర్ గారూ?

జవాబు: ముందు కంచం సంగతి చెప్తానమ్మా. సోరియాసిస్ అంటువ్యాధి కాదు. కలిసి తిన్నా, ఒకే దుప్పటి కప్పుకున్నా రాదు. ఈ మాట మీ అత్తమ్మకు చదివి వినిపించండి.

మన రోగనిరోధక వ్యవస్థే దారి తప్పి చర్మాన్ని తొందరపెడుతుంది. నెల రోజుల్లో మారాల్సిన పొర మూడు నాలుగు రోజుల్లోనే పైకి వచ్చి పేరుకుంటుంది. జబ్బు ఒకటే, చోటును బట్టి రూపు మారుతుంది. మామూలు చుండ్రు జిడ్డుగా ఉంటుంది. ఇది పొడిగా, మందంగా నుదుటి అంచు దాకా, చెవుల వెనక్కి వస్తుంది. దువ్వెనతో గీకి తీయకండి, గీరుకున్న చోటే కొత్త మచ్చ లేస్తుంది. మిరపకాయలు ఏరేటప్పుడు కూడా పొడుగు చేతుల చొక్కా వేసుకోండి.

రొమ్ముల కింద, గజ్జల్లో చెమట తడికి పొలుసు నిలవదు. ఎర్రగా, నున్నగా కనిపిస్తుంది. తామర అనుకుని మెడికల్ షాపులో ట్యూబు అడిగి తెచ్చుకుంటారు. అలాంటి చాలా ట్యూబుల్లో స్టెరాయిడ్ కలిసి ఉంటుంది. అక్కడి చర్మం పల్చన, ఘాటైన మందు రాస్తే చారలు పడతాయి. మోచేతి ట్యూబును అక్కడ రాయొద్దు.

నాకు ఎక్కువ దిగులు మీ గోళ్ల గురించే. సూదితో పొడిచినట్టు గుంటలు, గోరు కింద నూనె మరక లాంటి పసుపు రంగు కనిపించే వాళ్లలో కీళ్లకు సోరియాసిస్ వచ్చే అవకాశం ఎక్కువ. పొద్దున లేవగానే వేళ్లు బిగుసుకుపోయి అరగంట దాకా వదలట్లేదా? ఒక వేలు మొత్తం వాచిందా? మడమ నొస్తోందా? కలుపు తీసిన నొప్పులే అని ఊరుకోకండి. ఆలస్యమైతే కీలు వంకరపోతుంది, మళ్లీ సరికాదు.

ఎవరో ఇచ్చిన స్టెరాయిడ్ మాత్రలు వాడుతుంటే మీ అంతట మీరు ఒక్కసారిగా ఆపకండి, జబ్బు ఎగదన్నుతుంది. వరంగల్ ఎంజీఎం ప్రభుత్వ ఆసుపత్రిలో చర్మ విభాగం ఉంది. వాడిన ట్యూబులు, మాత్రల అట్టలు సంచిలో వేసుకుని వెళ్లండి. డాక్టర్ అడగకపోయినా గోళ్లు చూపించండి.