మామగారికి చేపా, చికెనా?

ప్రశ్న: మా మామగారికి 68 ఏళ్లు. ఈమధ్య బాగా చిక్కిపోయారు. డాక్టరు గారు ప్రొటీన్ పెంచమన్నారు. ఆదివారం ఇంట్లో చికెన్ ఉంటుంది కానీ, పళ్లు లేక ఆయన ముక్క నమల్లేరు. పులుసుతో సంగటి తిని లేస్తారు. చేపలు పెట్టమంటారా? చికెన్‌తో చూస్తే చేపలో బలం తక్కువంటారు, నిజమేనా?
– ఒక గృహిణి, కర్నూలు

జవాబు: చేపే పెట్టండమ్మా. బలం తక్కువన్న మాట పట్టించుకోకండి. తోలు తీసిన పచ్చి చికెన్ కండ 100 గ్రాముల్లో 20 నుంచి 23 గ్రాముల ప్రొటీన్ ఉంటుంది. రవ్వ, బొచ్చె లాంటి చేపల్లో 17 నుంచి 20 దాకా. పెద్ద తేడా ఏమీ కాదు. మీ మామగారి విషయంలో నాకు బాధ కలిగించింది ఆయన పళ్లెంలో వదిలేస్తున్న ముక్క. ప్రొటీన్ అంతా ఆ ముక్కలోనే ఉంది, పులుసులోకి దిగేది చాలా తక్కువ.

చేప కండ ఉడికితే రేకులు రేకులుగా విడిపోతుంది, చిగుళ్లతోనే నలిపి మింగొచ్చు. భయమల్లా ముల్లుతోనే. రవ్వకైనా బొచ్చెకైనా వీపు వైపు, తోక వైపు సన్నముళ్లు ఎక్కువ. ఆయనకు పొట్ట ముక్క వేయండి. అక్కడ ఉండేవి పెద్ద ముళ్లు, చేతికి తగులుతాయి. అయినా మంచి వెలుతురులో మీరే ఒలిచి, వేళ్లతో ఒకసారి నలిపి చూసి పెట్టండి. కొర్రమీనుకు ఈ సన్నముళ్ల బెడద ఉండదు, కాకపోతే ధర ఎక్కువ. కొనేటప్పుడు మొప్ప ఎత్తి చూడండి, ఎర్రగా ఉండాలి. వేలితో నొక్కితే కండ మళ్లీ పైకి లేవాలి. వేపుడు వద్దు, గట్టిపడుతుంది, నూనె కూడా. పులుసే మేలు.

గుండెకు మంచిదనే ఒమేగా-3 కోసమైతే కవ్వలు, కానాగంతలు లాంటి సముద్రపు చేపల్లో ఎక్కువ. మన తుంగభద్ర రవ్వలో అంత ఉండదు.

చికెన్ మానక్కర్లేదు. ఆయన వాటా వరకు ఎముక లేని ముక్క ఖీమా కొట్టించి మెత్తగా ఉడికించండి.

ఇంకొకటి, ఇదే ముఖ్యం. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2020 లెక్క ప్రకారం పెద్దలకు కిలో బరువుకు రోజుకు 0.83 గ్రాముల ప్రొటీన్ కావాలి. 60 కిలోల మనిషికి సుమారు 50 గ్రాములు. ఇది రోజువారీ లెక్క, ఆదివారం తిన్నది శనివారం దాకా దాచుకోవడానికి ఒంట్లో చోటు లేదు. వారంలో రెండు రోజులు చేప పెట్టండి, మిగతా రోజుల్లో ఉడికించిన గుడ్డు, గట్టి పప్పు, పెరుగు తప్పనివ్వకండి. గుడ్డుకు 6 గ్రాములు వస్తుంది.

ఆయనకు షుగర్, బీపీ ఉంటే ముందు కిడ్నీల పనితీరు తెలిపే క్రియాటినిన్ రక్తపరీక్ష చేయించండి. కిడ్నీలో తేడా ఉంటే ఎంత పెట్టాలో డాక్టరు గారే చెప్పాలి.