గానుగమెట్ట ఎక్కడుందో తెలిసినవాళ్ల దగ్గర మొదలుపెట్టు

తల్లీ,

మనూరి సంగతులన్నీ రాస్తానని నువ్వు ఫోన్లో చెప్పిన రాత్రి నాకు సంతోషంతో నిద్రపట్టలేదు. ముందు గుడి, తర్వాత పద్మనాభ యుద్ధం రాస్తానన్నావు. రాయి, కాదనను. కానీ 1794 జూలై 10న విజయనగరం రాజు చిన విజయరామరాజు ఈస్టిండియా కంపెనీ సైన్యంతో పోరాడి అక్కడే ప్రాణం విడిచిన సంగతి పుస్తకాల్లో ఉంది, ఇంకో వందేళ్లకైనా దొరుకుతుంది. దొరకనివి మన పొలాల పేర్లు. ముందు అవి రాసుకో.

గానుగమెట్ట ఇప్పుడంతా సరుగుడు తోట. ఆ పేరు కూడా పోతే అక్కడ చెరకు ఆడి బెల్లం వండేవారని చెప్పడానికి ఇంకేమీ మిగలదు. పాసుపుస్తకంలో సర్వే నంబరే గానీ ఈ పేరుండదు. పైగా మనది జమీందారీ ఊరు, 1948లో ఎస్టేట్ల రద్దు చట్టం వచ్చాకే రైత్వారీ పట్టాలు, అంతకు ముందువి చాలావరకు మనుషుల నోట్లోనే ఉన్నాయి. మా నాన్నకి ఏ మదుం (తూము) నీళ్లు ఏ మడికి వెళ్తాయో, ఎవరి వంతు ఎప్పుడో అన్నీ కంఠతా. ఆయన ఉండగా నేను ఒక్క ముక్క రాసుకోలేదు. ఆ బాధ ఇప్పటికీ ఉంది, అందుకే నీకింత గట్టిగా చెప్తున్నాను.

పెద్దవాళ్లని అరుగు మీద కూర్చోబెట్టి అడక్కు. "ఏముందమ్మా చెప్పడానికి" అంటారు. అదే మనిషిని చెరువు గట్టు మీద నడిపించి చూడు, మర్రిచెట్టు కనబడగానే అక్కడ కళ్లం ఉండేదని, ఆ పక్కనే గెడ్డ (వాగు) దారి మార్చుకుందని వాళ్లే మొదలెడతారు. ఫోన్లో రికార్డింగ్ పెట్టుకో, కానీ ముందు అడిగి పెట్టు. ఉభాలప్పుడు, అంటే వరి నాట్లప్పుడు మాత్రం రాకు, ఎవరికీ తీరిక ఉండదు.

ఆడవాళ్లని విడిగా అడుగు, మగవాళ్లు పక్కనుంటే వాళ్లు నోరు విప్పరు. చోళ్లు (రాగులు), గంటెలు (సజ్జలు), సామలు బూడిద కలిపి కుండల్లో దాచి, మళ్లీ ఏడాదికి విత్తనం అందించింది వాళ్లే. ఉడుపు పాటలు ఇంట్లో పాడమంటే రెండు చరణాలకి ఆగిపోతారు, అదే పాట మడిలో వంగితే చివరిదాకా వస్తుంది. వాటికోసం మాత్రం ఉభాలప్పుడు ఒక్కరోజు వచ్చి గట్టు మీద నిలబడు, పని ఆపకు. తప్పెటగుళ్లు ఆడే పెద్దాయనకి మాత్రం వీడియోనే తియ్యి, గుండెకి కట్టిన రేకు తప్పెట మీద చేతి దెబ్బ, కాలి అడుగు ఎలా కలుస్తాయో మాటల్లో రాయలేం.

గుడి వెనక అక్షరాల రాయి ఉంది కదా, దాన్ని మేకుతో గీకి శుభ్రం చెయ్యొద్దు, రంగు పుయ్యనివ్వొద్దు. పొద్దున్నే ఎండ ఏటవాలుగా పడేటప్పుడు ఫొటో తీస్తే అక్షరాలు తేలతాయి. చదవడం రాకపోతే మైసూరులో పురావస్తు శాఖ వారి శాసన విభాగం ఉంది, ఫొటో పంపి అడుగు. సింహాచలం గుడి శాసనాల్లో కూడా దానమిచ్చిన ఊళ్ల పేర్లుంటాయి, 1516 నాటి కృష్ణదేవరాయల శాసనం అక్కడిదే. మన చుట్టుపక్కల ఊరి పేరు ఏదైనా తగులుతుందేమో చూడు.

సంక్రాంతి వెళ్లాక, నూర్పులైపోయాక రా. పాత చెప్పులు వేసుకుని రా, గెడ్డ దాటాలి. గానుగమెట్ట దాకా నేను తీసుకెళ్తాను, అక్కడి నుంచి రెల్లు పొలాల వైపు మీ పెదతాత తీసుకెళ్తానన్నాడు.

మీ మావయ్య