పాప నన్ను చూసి ఏడ్చింది, నేను చైల్డ్ సైకాలజిస్ట్ కాగలనా?

ప్రశ్న: డిగ్రీ చివరి సంవత్సరం, సైకాలజీ చదువుతున్నాను. పిల్లలంటే ఇష్టం, చైల్డ్ సైకాలజీలోకి వెళ్లాలని ఉంది. నెలల పిల్లలకు మానసిక ఆరోగ్యమేమిటని ఇంట్లో నవ్వుతున్నారు. పైగా ఇంతకుముందు ఎత్తుకుంటే కిలకిలా నవ్విన మా మేనకోడలు, రెండు నెలల తర్వాత వెళ్తే నన్ను చూసి గుక్కపట్టి ఏడ్చింది. దానికిప్పుడు పదో నెల. ఈ రంగానికి నేను పనికొస్తానా? ఎటు వెళ్లాలి?

జవాబు: ముందు పాప సంగతి తేల్చేద్దాం. ఎనిమిదో నెల అటూ ఇటూగా పిల్లలకు కొత్త ముఖాల భయం మొదలవుతుంది. అంతకుముందు ఎవరి చేతుల్లోకైనా వెళ్లిపోయిన పిల్ల, ఇప్పుడు తనవాళ్లెవరో కానివాళ్లెవరో తేడా చూస్తోంది. ఆ వయసులో రెండు నెలలు కనబడకపోతే మేనత్తైనా కొత్త మనిషే. అమ్మ మెడ కరుచుకుని మీ వంక చూసి ఏడ్చిందంటే దాని ఎదుగుదల సరిగానే సాగుతోందన్నమాట. అదే ఎనిమిదేళ్ల పిల్ల, అమ్మ గది దాటితే చాలు వారాల తరబడి అలా ఏడుస్తుంటే, బడికి బయల్దేరే వేళకు రోజూ కడుపునొప్పి అంటుంటే, అప్పుడు కూర్చుని ఆలోచించాలి.

ఈ వృత్తి కీలకం అక్కడే ఉంది. పైకి కనిపించేది ఒకటే, వయసు మారితే దాని అర్థం మారిపోతుంది. రెండేళ్లవాడు కోపమొచ్చి నేలమీద పడి దొర్లడం ఆ వయసు సహజం. మూడేళ్ల పిల్ల పక్క తడిపితే ఎవరూ దాన్ని జబ్బనరు. అయిదేళ్లు నిండేదాకా ఆ మాటే ఎత్తరు. నాలుగేళ్ల పిల్ల ఎవరికీ కనిపించని స్నేహితురాలితో గంటసేపు కబుర్లు చెప్పుకుంటోందా? చెప్పుకోనివ్వండి. కానీ ఏడాదిన్నర పిల్లాడు పేరు పెట్టి పిలిచినా తిరగకపోతే, కావాల్సినదాన్ని వేలితో చూపించకపోతే, ‘మగపిల్లలకు మాటలు ఆలస్యంలే’ అని సరిపెట్టుకోకూడదు. ముందు వినికిడి పరీక్ష, వెంటనే ఎదుగుదల పరీక్ష.

ఇక మీ ఇంట్లోవాళ్ల నవ్వు. చంటిపిల్లకు తన బాధ మాటల్లో చెప్పడం రాదు. నిద్రలో, పాలు తాగడంలో, కళ్లలోకి చూడటంలో, చూడకుండా ముఖం తిప్పుకోవడంలో అది బయటపడుతుంది. అందుకే ఇక్కడ బిడ్డను విడిగా చూడరు. బిడ్డనూ ఎత్తుకున్నవాళ్లనూ కలిపి చూస్తారు. కాన్పు తర్వాత కుంగుబాటులో ఉన్న తల్లికి వైద్యం అందితే, అది బిడ్డకు కూడా అందినట్టే. బిడ్డకు ఎడతెగని ఆప్యాయత దొరకడం మానసిక ఆరోగ్యానికి పునాది అని బ్రిటన్ మానసిక వైద్యుడు జాన్ బౌల్బీ ప్రపంచ ఆరోగ్య సంస్థకు నివేదిక రాసిచ్చింది 1951లో. ఇది నిన్నమొన్నటి ఫ్యాషన్ కాదని ఇంట్లో చెప్పండి.

బౌల్బీ దగ్గర పనిచేసిన జేమ్స్ రాబర్ట్‌సన్ గురించి మాత్రం కాస్త ఎక్కువ చెబుతాను, ఎందుకంటే మీకు పనికొచ్చేది ఆయన కథే. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో లండన్‌లో సిగ్మండ్ ఫ్రాయిడ్ కూతురు, పిల్లల మనోవిశ్లేషకురాలు అన్నా ఫ్రాయిడ్ నడిపిన పిల్లల నర్సరీలో ఆయన మొదట చేసింది బాయిలర్ చూసుకునే పని. అక్కడ ఏ పని చేసేవాళ్లయినా సరే, పిల్లల దగ్గర తాము చూసింది చిన్న కార్డుల మీద రాసివ్వాలి. ఆ అలవాటే ఆయన్ను మనిషిని చేసింది. అప్పట్లో ఆసుపత్రుల్లో తల్లిదండ్రులను పెద్దగా రానిచ్చేవారు కాదు. పిల్ల ఒకటి రెండు రోజులు ఏడ్చి తర్వాత సర్దుకుంటుందని వార్డుల్లో అందరి నమ్మకం. ఎనిమిది రోజులు ఆసుపత్రిలో ఉన్న రెండేళ్ల పాపను రాబర్ట్‌సన్ చేతి కెమెరాతో చిత్రీకరించి 1952లో చూపించాడు. ఏడ్చినప్పుడే ఏరి తీశాడని ఎవరూ అనకుండా గోడ గడియారం కూడా కనిపించేలా తీశాడు. వార్డుల్లోవాళ్లు సర్దుకోవడం అనుకున్నది నిజానికి ఆశ వదులుకోవడం. చాలామంది వైద్యులకు కోపమొచ్చింది. అయినా 1959లో బ్రిటన్ ప్రభుత్వ కమిటీ ఒకటి తల్లిదండ్రులను అడ్డులేకుండా రానివ్వాలని సిఫారసు చేసింది.

దారుల సంగతికొస్తే, సైకియాట్రిస్ట్ కావాలంటే మెడిసిన్ చదవాలి, మీరు ఆ మలుపు దాటేశారు. మీకున్నది పీజీ, ఆ తర్వాత సీనియర్ల పర్యవేక్షణలో క్లినికల్ శిక్షణ, ఆపైన లైసెన్స్. నిబంధనలు దేశాన్నిబట్టి మారతాయి కాబట్టి మీరు పనిచేయబోయే చోటి లైసెన్సింగ్ సంస్థ నిబంధనలు ముందే చదవండి. వారాంతపు ఆన్‌లైన్ సర్టిఫికెట్లు చూసి మోసపోవద్దు. వాటితో తెలివి పెరగొచ్చు గానీ చికిత్స చేసే హక్కు రాదు. ఏ కాలేజీలో చేరబోయినా ఒక ప్రశ్న అడగండి: అయిదేళ్లలోపు పిల్లలతో నాకు ఎన్ని గంటల పని దొరుకుతుంది? నీళ్లు నమిలితే ఇంకోచోటు చూసుకోండి. కుటుంబాలతో మాట్లాడటం కన్నా ప్రయోగాలు నచ్చితే పరిశోధన ఉంది. పసివాళ్లు ఏ బొమ్మను ఎన్ని సెకన్లు చూశారో లెక్కగట్టి వాళ్లకేం తెలుసో కనిపెట్టే ల్యాబులున్నాయి.

‘పిల్లలంటే ఇష్టం’ అన్నారు. నాకొచ్చే ఉత్తరాల్లో సగం అలాగే మొదలవుతాయి. పనిలో దిగాక సగం సమయం పెద్దవాళ్లతోనే గడుస్తుంది: ఒప్పుకోని తండ్రి, తప్పంతా తనదేనని కుమిలిపోయే తల్లి, ‘క్లాసులో నోరు విప్పదు’ అని ఫిర్యాదు చేసే టీచర్. ఆ పిల్ల ఇంట్లో గలగలా మాట్లాడుతుందని తెలిశాక కథ మారిపోతుంది. వాళ్లతో ఓపికగా మాట్లాడగలరా అన్నది మీరే చూసుకోవాలి.

ఈలోగా మళ్లీ మీ అన్నయ్య ఇంటికి వెళ్లండి. పాపను ఎత్తుకోబోకండి, దాని కళ్లలోకి సూటిగా చూడకండి. వాళ్లమ్మ పక్కన నేలమీద కూర్చుని ఏదో ఒక బొమ్మతో మీ మానాన మీరు ఆడుకోండి. అది మీ వంక ఎప్పుడు చూసింది, ఎన్నిసార్లు అమ్మ ముఖం చూసి మళ్లీ మీవైపు తిరిగింది, ఎన్ని నిమిషాలకు పాక్కుంటూ వచ్చి ఆ బొమ్మ మీద చెయ్యి వేసింది, గడియారం చూసి రాసుకోండి. ఆ కాగితం నాకు పంపండి, తర్వాత కోర్సుల సంగతి మాట్లాడుకుందాం.