'చరిత్రలో ఈ రోజు' కూర్చబోయే చిరంజీవికి

చిరంజీవికి పెదనాన్న ఆశీస్సులు. ఉభయకుశలోపరి.

'చరిత్రలో ఈ రోజు' శీర్షికను ఇకపై నీవే చూడబోతున్నావని, ఎక్కడ మొదలుపెట్టాలో చెప్పమని రాశావు. ఆ పని చాలా ఏళ్ళు నా చేతుల మీదుగా సాగింది కాబట్టి నాకు తెలిసినంత చెబుతాను. పాత జాబితా ఒకటి దగ్గర పెట్టుకుని, జననాలు, మరణాలు, సంఘటనలు అని మూడు భాగాలు చేసి, సంవత్సరాల వరుసలో పేర్చితే పుట సిద్ధమవుతుందని చాలామంది అనుకుంటారు. పేర్చడానికి అరగంట చాలు. మిగిలిన కాలమంతా ఆ తేదీ నిజంగా ఆ తేదీయేనా అని తేల్చుకోవడానికే పోతుంది, పోవాలి కూడా. తేదీ కంటపడగానే దానిని మూడు ప్రశ్నలు అడగడం అలవాటు చేసుకో: ఇది ఏ క్యాలెండర్ ప్రకారం, ఏ చోటి గడియారం ప్రకారం, జరిగిన దానిలో ఏ ఘట్టానికి సంబంధించినది?

మొదటి ప్రశ్నే అన్నిటికంటే ఎక్కువ పని పెడుతుంది. పాత జూలియన్ క్యాలెండర్‌ను సరిదిద్ది, ఇప్పుడు మనం వాడే క్యాలెండర్‌ను తెచ్చిన పోప్ పదమూడవ గ్రెగరీ సంస్కరణను వెంటనే అంగీకరించిన స్పెయిన్, పోర్చుగల్, పోలండ్, ఇటలీలోని అధిక భాగం 1582 అక్టోబర్ 4 తరువాతి రోజును అక్టోబర్ 15గా లెక్కించాయి. బ్రిటన్, దాని వలసలు 1752 దాకా ఆగి, సెప్టెంబర్ 2 తరువాత 14కు దూకాయి. రష్యాలో 1918 జనవరి 31 మరునాడు ఫిబ్రవరి 14 అయింది. కాబట్టి 1582 అక్టోబర్ 10న రోములో ఒకరు పుట్టారని ఏ జాబితాలోనైనా కనిపిస్తే ఆ జాబితాను అక్కడే మూసివేయవచ్చు. అదే తేదీన లండన్‌లో పుట్టారంటే మాత్రం నమ్మవచ్చు.

షేక్‌స్పియర్, స్పెయిన్ రచయిత సెర్వాంటెస్ 1616 ఏప్రిల్ 23న ఒకే రోజు మరణించారన్న వాక్యం నీకు ఎన్నో చోట్ల ఎదురవుతుంది. అప్పటికి స్పెయిన్ కొత్త క్యాలెండర్‌లో, ఇంగ్లండ్ పాత క్యాలెండర్‌లో ఉన్నాయి కనుక ఆ రెండు ఏప్రిల్ 23ల మధ్య పది రోజుల దూరం ఉంది. పైగా సెర్వాంటెస్ 22న మరణించాడని, 23 ఆయన ఖననం జరిగిన తేదీ అని పరిశోధకులు చెబుతారు. గెలీలియో మరణించిన ఏడాదే న్యూటన్ పుట్టాడన్న మాట కూడా ఇలాంటిదే. గెలీలియో మరణించిన 1642 జనవరి 8 కొత్త లెక్క. న్యూటన్ పుట్టిన 1642 డిసెంబర్ 25 పాత లెక్క. రెండింటినీ కొత్త లెక్కకు తెస్తే న్యూటన్ జననం 1643 జనవరి 4 అవుతుంది, రెండింటినీ పాత లెక్కకు తీసుకుపోతే గెలీలియో మరణం 1641 డిసెంబర్‌లోకి వెళ్తుంది. ఏ లెక్కలోనూ ఆ రెండూ ఒకే ఏడాదిలో పడవు. ఇంగ్లండ్‌లో 1752కు ముందు చట్టరీత్యా కొత్త ఏడాది మార్చి 25న మొదలయ్యేదని కూడా గుర్తుంచుకో. జార్జి వాషింగ్టన్ పుట్టినప్పుడు నమోదైన తేదీ 1731 ఫిబ్రవరి 11 కాగా, ఇప్పుడు మనం రాసేది 1732 ఫిబ్రవరి 22 కావడానికి, అంటే రోజుతో పాటు సంవత్సరం కూడా మారడానికి, కారణం ఇదే.

పాత తేదీని మార్చవలసి వస్తే 16, 17 శతాబ్దాలకు పది రోజులు, 18వ శతాబ్దానికి పదకొండు, 19వ దానికి పన్నెండు, 20వ దానికి పదమూడు కలపాలి. శతాబ్దం మారే ఏడాదిలో ఫిబ్రవరి నెలాఖరు దాకా పాత తేడాయే వర్తిస్తుంది. టాల్‌స్టాయ్ పుట్టిన 1828 ఆగస్టు 28 ఇలాగే సెప్టెంబర్ 9 అయింది. 1582కు ముందు తేదీలను మాత్రం కదిలించవద్దు, చరిత్రకారులు వాటిని జూలియన్ లెక్కలోనే ఉంచుతారు. రష్యా అక్టోబర్ విప్లవాన్ని నవంబర్ 7 పుటలో పెట్టినప్పుడు, పాత క్యాలెండర్‌లో అది అక్టోబర్ 25 అన్న అరవాక్యాన్ని చేర్చడం మరచిపోకు. లేకపోతే పాఠకుడు తప్పు పట్టుకున్నానని ఉత్తరం రాస్తాడు, అతని తప్పేమీ ఉండదు.

తిథిని బట్టి మాత్రమే తెలిసిన జననాల విషయంలో మరింత జాగ్రత్త అవసరం. బహుళ పక్షానికి దక్షిణాదిన ఒక మాసం పేరు ఉంటే ఉత్తరాదిన తరువాతి మాసం పేరు ఉంటుంది, కాబట్టి ఏ సంప్రదాయంలో రాసిన తిథో తెలియకుండా మార్చితే ఏకంగా ఒక నెల తప్పుతుంది. పంచాంగంలో రోజు సూర్యోదయంతో మొదలవుతుంది గనుక తెల్లవారుజామున పుట్టినవారి వారం (సోమ, మంగళ వంటి రోజు పేరు) కూడా ఒకటి వెనక్కు పోతుంది. స్వామి వివేకానంద 1863 జనవరి 12న జన్మించారని రూఢిగా తెలుసు, జాతీయ యువజన దినోత్సవం ఆ తేదీనే జరుగుతుంది; రామకృష్ణ మఠం మాత్రం ఆయన జయంతిని తిథి ప్రకారం జరుపుతుంది. మన శీర్షికకు జనవరి 12 సరైనది. ఆ ఏడు తిథి ఏ తేదీన వచ్చిందో చూసి ఆయనను రెండవసారి వేయకు.

గడియారం సంగతి కొంచెం తేలిక. అపోలో 11 చంద్రుని మీద దిగినది, ఆర్మ్‌స్ట్రాంగ్ అడుగు పెట్టినది అమెరికా గడియారాల్లో 1969 జూలై 20న. మన గడియారాల్లో రెండూ 21నే. పెర్ల్ హార్బర్ మీద దాడి హవాయిలో 1941 డిసెంబర్ 7 ఉదయం జరిగింది, అప్పటికి టోక్యోలో డిసెంబర్ 8 వచ్చేసింది. ఐరోపాలో జర్మనీ లొంగుబాటు మే 8 రాత్రి అమలులోకి వచ్చేసరికి మాస్కోలో 9వ తేదీ మొదలైంది, అందుకే రష్యా విజయ దినాన్ని 9న జరుపుకుంటుంది. సంఘటన జరిగిన చోటి తేదీనే వాడాలన్నది నేను పాటించిన పద్ధతి. చంద్రునికి గడియారం లేదు కాబట్టి అక్కడ జూలై 20 అని రాసి, మనకు అది 21 అని చెప్పేవాణ్ణి.

ఒకే సంఘటనకు అనేక ఘట్టాలు ఉన్నప్పుడు నీవు ఏ ఘట్టాన్ని రాస్తున్నావో క్రియాపదంలోనే తెలియాలి. అమెరికా స్వాతంత్ర్యానికి ప్రతినిధులు ఓటు వేసినది 1776 జూలై 2న, ప్రకటన పాఠాన్ని ఆమోదించినది 4న, ఎక్కువమంది దాని మీద సంతకాలు చేసినది ఆగస్టు 2న. జూలై 4న అందరూ సంతకాలు చేశారని రాస్తే అది తప్పు. భారత రాజ్యాంగాన్ని రాజ్యాంగ సభ 1949 నవంబర్ 26న ఆమోదించింది, 1950 జనవరి 26న అది అమలులోకి వచ్చింది. 1930లో అదే జనవరి 26ను పూర్ణ స్వరాజ్య దినంగా పాటించినందువల్ల ఆ తేదీని ఎంచుకున్నారు. రెండు పుటల్లోనూ రాజ్యాంగం ఉండవచ్చు, కానీ రెండు చోట్లా ఒకే వాక్యం ఉండకూడదు. టైటానిక్ కూడా 1912 ఏప్రిల్ 14 రాత్రి మంచుకొండను ఢీకొని 15 తెల్లవారుజామున మునిగింది. మునక 15వ తేదీ పుటకు చెందుతుంది.

జనన తేదీల కంటే మరణ తేదీలనే ఎక్కువగా నమ్మవచ్చు. పసిబిడ్డ రేపు ప్రసిద్ధుడవుతాడని ఎవరూ ఊహించరు, ప్రసిద్ధుడు మరణించినప్పుడు మాత్రం పదిమంది రాసిపెడతారు. షేక్‌స్పియర్‌కు బాప్తిస్మం ఇచ్చినది 1564 ఏప్రిల్ 26న అని మాత్రమే రికార్డు చెబుతుంది, 23న పుట్టాడన్నది ఆనవాయితీ. బీథోవెన్‌కు 1770 డిసెంబర్ 17న బాప్తిస్మం ఇచ్చారు, 16న పుట్టి ఉంటాడన్నది అనుమితి. స్టాలిన్ అధికారిక జన్మదినం 1879 డిసెంబర్ 21గా చెలామణి అయింది, చర్చి పుస్తకంలో ఉన్న తేదీ కొత్త లెక్కన 1878 డిసెంబర్ 18. జాజ్ సంగీతకారుడు లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ తాను 1900 జూలై 4న పుట్టానని జీవితాంతం చెప్పుకున్నాడు, అన్ని గ్రంథాలూ అదే అచ్చు వేశాయి. ఆయన పోయిన చాలాకాలానికి బయటపడిన బాప్తిస్మ పత్రం 1901 ఆగస్టు 4 అని చూపించింది. ఇన్ని గ్రంథాలూ ఒక్క నోటి మాట నుండి పుట్టినవే కాబట్టి, ఒక తేదీ పది చోట్ల కనిపించినంత మాత్రాన పది ఆధారాలు దొరికాయని అనుకోకు. ఎవరు ఎవరిని చూసి రాశారో వెనక్కు వెళ్ళి చూడు. జనవరి 1న పుట్టినవారి సంఖ్య అనుమానం కలిగించేంత ఎక్కువగా కనిపిస్తే, సంవత్సరం మాత్రమే తెలిసిన పేర్లకు కంప్యూటర్ జాబితాలు ఆ తేదీని తగిలించి ఉండవచ్చని గ్రహించు.

ఎవరిని ఉంచాలి, ఎవరిని తీయాలి అన్నది నీ రుచికి సంబంధించినది, అయినా ఒక మాట చెబుతాను. నేటి నటులు, ఆటగాళ్ళ పుట్టినరోజులతోనే ఏ పుటనైనా నింపవచ్చు, నింపకు. ఆగస్టు 29న గిడుగు రామమూర్తి (1863), హాకీ ధ్యాన్‌చంద్ (1905) ఇద్దరూ పుట్టారు, మన పాఠకునికి ఆ ఇద్దరూ కావాలి, తరువాత స్థలం మిగిలితే మిగతావారు. "ప్రముఖ శాస్త్రవేత్త", "గొప్ప నాయకుడు" అనే మాటలు స్థలం తినడం తప్ప ఏమీ చెప్పవు. ఫిబ్రవరి 28 కింద 'రామన్ ఎఫెక్ట్' అని వదిలేసే బదులు, "1928: పదార్థం గుండా వెళ్ళి చెదిరిన కాంతిలో కొంత భాగం తరంగదైర్ఘ్యం మారుతుందని సి.వి. రామన్, కె.ఎస్. కృష్ణన్ కలకత్తాలో గుర్తించారు" అని రాస్తే చదివినవారికి ఒక విషయం దక్కుతుంది.

యాదృచ్ఛికాలను పాఠకులు ఇష్టపడతారు, వేయి. డార్విన్, లింకన్ ఇద్దరూ 1809 ఫిబ్రవరి 12న పుట్టారు. అమెరికా అధ్యక్షులుగా పనిచేసిన జాన్ ఆడమ్స్, జెఫర్సన్ ఇద్దరూ 1826 జూలై 4న, స్వాతంత్ర్య ప్రకటనకు సరిగ్గా యాభై ఏళ్ళు నిండిన రోజున మరణించారు. ఇవి నిజాలు. వాటికి విధి, సంకల్పం వంటివి అంటగట్టడం మాత్రం మన పని కాదు. 23 మంది ఒక గదిలో ఉంటేనే వారిలో ఇద్దరికి పుట్టినరోజు కలిసే అవకాశం సగాన్ని మించుతుంది, వేల పేర్లున్న జాబితాలో కలవకపోతేనే ఆశ్చర్యపడాలి. స్టీఫెన్ హాకింగ్ గెలీలియో మరణించిన మూడు వందల ఏళ్ళకు సరిగ్గా అదే తేదీన, 1942 జనవరి 8న పుట్టాడు. ఆ రోజున సుమారు రెండు లక్షల మంది ఇతర శిశువులు కూడా పుట్టి ఉంటారని ఆయనే నవ్వుతూ రాశాడు.

వార్షికోత్సవాల లెక్క సామాన్యంగా తీసివేతతో తేలిపోతుంది. క్రీస్తుపూర్వం వచ్చినప్పుడే తడబాటు: సున్నా సంవత్సరం లేదు కనుక, క్రీ.పూ. 44 మార్చి 15న జరిగిన జూలియస్ సీజర్ హత్యకు రెండు వేల ఏళ్ళు నిండినది 1957లో, 1956లో కాదు. ఫిబ్రవరి 29 పుటను లీపు సంవత్సరం దగ్గర పడ్డాక తొందరలో చేయకుండా ఇప్పుడే చేసిపెట్టుకో. ఆ తేదీన 1896లో పుట్టిన మొరార్జీ దేశాయికి 1900 లీపు సంవత్సరం కానందువల్ల మొదటి అసలైన పుట్టినరోజు 1904లో వచ్చింది, ఆ సంగతి ఆయన పేరు పక్కనే రాయవచ్చు. మామూలు ఏడాదిలో ఆయనను 28కో మార్చి 1కో జరపకు.

ప్రతి పుటకు ఒక కాగితం విడిగా పెట్టి, ఏ తేదీని ఎక్కడ చూశావో, ఏ సందేహం మిగిలిందో రాసుకో. ఆ కాగితం అచ్చు కానవసరం లేదు. కనీసం నెల రోజుల పుటలు ఎప్పుడూ ముందుగా సిద్ధంగా ఉండాలి. మొదటి నెలవి కాగానే నాకు పంపు, ఆధారాల కాగితాలు కూడా జతచేయి. ముందు వాటినే చదువుతాను.

ఆశీస్సులతో,
మీ పెదనాన్న