కాన్పు ఏడాదిలో హై డిడక్టిబుల్ ప్లాన్ తీసుకోవచ్చా?

ప్రశ్న: నేను టెక్సాస్‌లో హెచ్‌-1బి వీసాపై ఉద్యోగం చేస్తున్నాను. 2026కు మా కంపెనీ రెండు ఆరోగ్య బీమా ప్లాన్లు ఇస్తోంది. పీపీఓ అనే మామూలు ప్లాన్‌కు కుటుంబం మొత్తానికి నెలకు 560 డాలర్లు జీతంలోంచి పోతాయి. డిడక్టిబుల్ (బీమా చెల్లించడం మొదలయ్యే ముందు మేమే భరించవలసిన మొత్తం) 1,000, ఏడాదిలో మేము చేతినుంచి పెట్టుకోవలసిన గరిష్ఠ ఖర్చు 6,000. హై డిడక్టిబుల్ ప్లాన్‌కు నెలకు 210. డిడక్టిబుల్ 3,500, గరిష్ఠ ఖర్చు 7,000. దీనితోపాటు వైద్య ఖర్చుల కోసం పన్ను మినహాయింపుతో దాచుకునే హెల్త్ సేవింగ్స్ అకౌంటు (హెచ్‌ఎస్‌ఏ)లో కంపెనీ ఏడాదికి 1,500 డాలర్లు వేస్తుంది. మే నెలలో నా భార్యకు కాన్పు. అలాంటి ఏడాదిలో పీపీఓయే క్షేమమని మిత్రులంటున్నారు. పురుడు పోయడానికి గుంటూరు నుంచి వచ్చే మా అత్తమామల వైద్యానికి ఆ అకౌంటు డబ్బు వాడవచ్చా?
— ఒక పాఠకుడు, ఫ్రిస్కో

జవాబు: మీ మిత్రులు డిడక్టిబుల్‌ను చూసి చెబుతున్నారు కాని, ఏడాది పొడవునా జీతంలోంచి పోయే ప్రీమియాన్ని లెక్కలోకి తీసుకున్నట్టు లేదు. ఖర్చు గరిష్ఠానికి చేరిందనే అనుకుందాం. పీపీఓలో ప్రీమియం 6,720, దానిపై 6,000, వెరసి 12,720 డాలర్లు. రెండో ప్లాన్‌లో ప్రీమియం 2,520, దానిపై 7,000. కంపెనీ ఇచ్చే 1,500 తీసివేస్తే 8,020. కాబట్టి నెట్‌వర్క్‌లోని, అంటే బీమా కంపెనీతో ఒప్పందం ఉన్న ఆసుపత్రికే వెళ్లేటట్టయితే కాన్పు ఏడాదిలో కూడా మీకు రెండోదే లాభం. కంపెనీ ఏమీ వేయకుండా, ప్రీమియంలోనూ పెద్ద తేడా లేకుండా ఇదే ప్లాన్ ఇచ్చి ఉంటే, అది తన భారాన్ని ఉద్యోగి నెత్తిన పెట్టడమే అయ్యేది. అప్పుడు నా సలహా వేరుగా ఉండేది.

అసలు ఇబ్బంది చేతిలో రొక్కం ఉండటంలో ఉంది. గర్భిణికి చేసే మామూలు పరీక్షల్లో చాలావాటికి డిడక్టిబుల్ వర్తించదు గాని, ప్రసవానికి వర్తిస్తుంది. పైగా ఈ అకౌంటులో అప్పటిదాకా జమ అయినంతే వాడుకోగలరు. ఏడాది మొత్తం సొమ్ము మొదటి రోజే అందుబాటులో ఉండే ఎఫ్‌ఎస్‌ఏ (వైద్య ఖర్చులకు కంపెనీ ద్వారా జీతంలోంచి పక్కన పెట్టే మరో ఖాతా) వంటిది కాదిది. కంపెనీ తన వాటాను జనవరిలోనే వేస్తుందా, మూడు నెలలకోసారి వేస్తుందా అని హెచ్‌ఆర్‌ను అడగండి. ప్రీమియంలో మిగిలే నెలకు 350 డాలర్లను మొదటి జీతం నుంచే అకౌంటుకు మళ్లించండి. అకౌంటు తెరవక ముందు అయిన ఖర్చుకు ఆ డబ్బు పనికిరాదు కనుక, తెరవడంలో జాప్యం వద్దు.

2026లో కుటుంబ కవరేజీ ఉన్నవారు ఈ అకౌంటులో వేయగల పరిమితి 8,750 డాలర్లు; కంపెనీ వేసే 1,500 కూడా అందులోదే, కాబట్టి మీరు 7,250 వరకు వేయవచ్చు. జీతంలోంచి నేరుగా వేస్తే ఫెడరల్ ఆదాయపు పన్నుతోపాటు సోషల్ సెక్యూరిటీ, మెడికేర్ కోతలూ ఆ సొమ్ముపై పడవు. టెక్సాస్‌లో రాష్ట్ర ఆదాయపు పన్నే లేదు. కాలిఫోర్నియా, న్యూజెర్సీలలో ఉన్నవారికి మాత్రం ఈ సొమ్ముపై రాష్ట్ర పన్ను తప్పదు. మీ భార్య కూడా ఉద్యోగం చేస్తూ అక్కడ మామూలు ఎఫ్‌ఎస్‌ఏ తీసుకుని ఉంటే, మీరు హెచ్‌ఎస్‌ఏలో డబ్బు వేయడానికి అర్హులు కారు. చాలామంది తప్పటడుగు వేసేది ఇక్కడే.

మీ అత్తమామల సంగతికి వస్తే, ఆ డబ్బు మీకు, మీ భార్యకు, పన్ను లెక్కల్లో మీపై ఆధారపడినవారికి మాత్రమే. విజిటర్ వీసాపై కొన్ని నెలలు వచ్చి వెళ్లేవారు సాధారణంగా ఆ లెక్కలోకి రారు. వారి వైద్యానికి తీస్తే పన్నుతోపాటు 20 శాతం జరిమానా పడుతుంది కనుక, వారికి విడిగా విజిటర్ ఇన్సూరెన్స్ కొనండి. మీరే గుంటూరు వెళ్లినప్పుడు పంటి వైద్యం చేయించుకుంటే ఆ ఖర్చుకు మాత్రం వాడుకోవచ్చు, బిల్లు దాచుకోండి.

బిడ్డ పుట్టిన 30 రోజుల్లోగా పేరును ప్లాన్‌లో చేర్పించడం మరవకండి. ఉద్యోగం మారినా, పోయినా అకౌంటు మీదే. మామూలు ప్రీమియాలకు ఆ డబ్బు పనికిరాదు గాని, ఉద్యోగం పోయాక పాత కవరేజీని కోబ్రా అనే చట్టం కింద కొనసాగించుకుంటే దాని ప్రీమియం అందులోంచి కట్టవచ్చు.