కణాల మీడియా పసుపైతే గ్లూకోజ్ పోయడమేనా?

ప్రశ్న: సార్, అనంతపురంలో ఎం.ఎస్సీ. బయోటెక్నాలజీ చదువుతున్నాను. ప్రాజెక్టు కోసం వీరో సెల్స్ (కోతి మూత్రపిండం నుంచి వచ్చిన కణాలు) పెంచుతున్నాం. మీడియా (కణాలు పెరిగే పోషక ద్రావణం) మార్చిన రెండో రోజుకే పసుపు తిరుగుతోంది. సీనియర్లేమో "తిండి చాలట్లేదు, గ్లూకోజ్, గ్లుటమిన్ (ఒక అమైనో ఆమ్లం) ఇంకొంచెం కలుపు" అంటున్నారు. కలపమంటారా? ఒకటే టెన్షన్.
– ఒక విద్యార్థిని

జవాబు: ఇప్పుడే ఏమీ కలపకండమ్మా, ముందు సీసా మీది లేబుల్ చదవండి. డీఎంఈఎం (బాగా వాడుకలో ఉన్న ఒక మీడియా) హై గ్లూకోజ్ అని ఉంటే లీటరుకు 4.5 గ్రాముల గ్లూకోజ్ ఉన్నట్టే, షుగర్ రిపోర్టు లెక్కలో చెప్పాలంటే 450 అన్నమాట. ఇంట్లో ఎవరికైనా ఆ అంకె వస్తే ఆస్పత్రికి పరిగెడతాం! లో గ్లూకోజ్ రకంలో ఉండేది లీటరుకు 1 గ్రాము, అంటే 100, ఆరోగ్యవంతుడి రక్తంలో పరగడుపున ఉండేంత.

పసుపంటే ఆమ్లం పెరిగిందని మీడియాలో కలిపే రంగు సూచిక ఫినాల్ రెడ్ చెబుతోంది, ఆకలని కాదు. ఫ్లాస్కులో వేగంగా పెరిగే కణాలు ఆక్సిజన్ ఉన్నా సరే గ్లూకోజ్‌ను పూర్తిగా వాడుకోకుండా చాలా భాగం లాక్టేట్‌గా (లాక్టిక్ ఆమ్లంగా) మార్చి బయటికి వదిలేస్తాయి (కణితుల్లో ఈ తీరును ఒట్టో వార్‌బర్గ్ 1920ల్లోనే చూశాడు), కాబట్టి మీరు ఇంకా గ్లూకోజ్ పోస్తే పెరిగేది లాక్టేటే. మైక్రోస్కోప్‌లో చూడండి. ఫ్లాస్కు కణాలతో నిండిపోయి ఉంటే స్ప్లిట్ చేయండి, అంటే కొన్ని కణాలను కొత్త ఫ్లాస్కులోకి మార్చండి. రాత్రికి రాత్రే పసుపై, మీడియా మసకబారితే అది కంటామినేషన్ (సూక్ష్మజీవులు చేరడం), మొహమాటం లేకుండా పారేయండి.

అసలు తంటా గ్లుటమిన్‌తోనే. ఇది కణాలకు ఇంధనమూ, నత్రజని సరుకూ రెండూను, కానీ ద్రావణంలో నిలవదు. 37 డిగ్రీల్లో వారం అటూ ఇటూగా సగం విరిగి అమ్మోనియా విడుదలవుతుంది, ఫ్రిజ్‌లో ఇదే పని నెమ్మదిగా జరుగుతుంది. డీఎంఈఎంలో మామూలుగా 4 మిల్లీమోలార్ (గాఢత కొలమానం) గ్లుటమిన్ ముందే ఉంటుంది. చూసుకోకుండా మళ్లీ అంతే పోస్తే అమ్మోనియా పెరిగి ఎదుగుదల దెబ్బతింటుంది. లేబుల్ మీద గ్లుటమిన్ లేదని ఉంటేనో, సీసా తెరిచి నెలలైతేనో కలపడంలో అర్థం ఉంది. ఫ్రీజర్ నుంచి తీసిన స్టాక్‌లో అడుగున తెల్లటి పొడి కనిపిస్తే, అది కరిగేదాకా వెచ్చబెట్టి మెల్లగా తిప్పి, అప్పుడే వాడండి. చాలామంది పైన తేరిన నీళ్లు పోసేసి, పని చేయలేదంటారు. అలనిల్-గ్లుటమిన్ అనే జంట రూపం దొరికితే ఇంకా మేలు, కణాలు కావలసినంత విడగొట్టుకుంటాయి.

సోడియం పైరువేట్ 1 మిల్లీమోలార్ వేస్తే నష్టం లేదు, కొంత ఇంధనం, పైగా హైడ్రోజన్ పెరాక్సైడ్‌ను తటస్థం చేస్తుంది. లాక్టేట్ గొడవే వద్దనుకుని గ్లూకోజ్ బదులు గ్యాలక్టోజ్ పెట్టిన మీడియా కూడా ఉంది, లైబోవిట్జ్ ఎల్-15. దానికి కార్బన్ డయాక్సైడ్ ఇంక్యుబేటరే అక్కర్లేదు.

ప్రశ్న: మా అమ్మాయి కణాలకు దూడ సీరం (రక్తం గడ్డకట్టాక మిగిలే ద్రవం) పోస్తామంటోంది. పోషకాలన్నీ మీడియాలోనే ఉంటే అదెందుకు?
– ఒక తండ్రి, కడప

జవాబు: మంచి ప్రశ్న వేశారు. ఏ అమైనో ఆమ్లాలు, విటమిన్లు తప్పనిసరో హ్యారీ ఈగిల్ అనే శాస్త్రవేత్త 1950ల్లోనే తేల్చాడు, అయినా సీరం కొంత వేయక తప్పలేదు. ఎదుగుదల ప్రోటీన్లు, కణాలు ఫ్లాస్కుకు అంటుకోవడానికి సాయపడేవి, ఇనుము మోసే ట్రాన్స్‌ఫెరిన్, కొవ్వులు దాంట్లోంచే వస్తాయి. మామూలుగా వేసేది 10 శాతం. ఇన్సులిన్, ట్రాన్స్‌ఫెరిన్, సెలీనియం విడిగా కలిపి సీరం తగ్గించడమో, మానేయడమో కూడా ఉంది. మందుల కంపెనీల్లో సీహెచ్‌ఓ (చైనీస్ హ్యామ్‌స్టర్ అండాశయ) కణాలను ఇప్పుడు ఎక్కువగా సీరం లేకుండానే పెంచుతున్నారు.