ఫోన్ కూలర్ వల్ల ఫోన్ పాడైతే కేసు ఎవరి మీద వేయాలి?

ప్రశ్న: గేమ్స్ ఆడేటప్పుడు ఫోన్ బాగా వేడెక్కుతోందని, వెనకవైపు క్లిప్పులా పట్టుకునే కూలర్ ఒకటి ఆన్‌లైన్‌లో కొన్నాను. మూడు వారాలు వాడాక ఫోన్ ఉన్నట్టుండి ఆగిపోయింది. లోపలికి నీళ్లు వెళ్లాయి, వారంటీ వర్తించదని సర్వీస్ సెంటర్ వాళ్లు చెప్పేశారు. నేను ఫోన్‌ను ఒక్కసారి కూడా తడపలేదు. కూలర్ అమ్మినవాళ్లను అడిగితే ఏడు రోజుల రీప్లేస్‌మెంట్ గడువు దాటిపోయిందంటున్నారు. ఫోన్ కంపెనీ మీద కేసు వేయవచ్చా?

జవాబు: వేయవచ్చు గానీ నిలబడటం కష్టం. కేసు వేయాల్సింది కూలర్ తయారుచేసినవాళ్ల మీద, అమ్మినవాళ్ల మీద. మీకు కోపం తెప్పించిన ఆ సర్వీస్ సెంటర్ మాటనే కాగితం మీద రాయించుకుంటే, అదే మీకు బలమైన సాక్ష్యం.

ముందు మీ కూలర్ ఏ రకమో చూడండి. ఫ్యాన్ ఒక్కటే ఉంటే నీటి సమస్య రాదు. ఫోన్‌కు ఆనే చోట లోహపు పలక ఉండి, స్విచ్ వేసిన నిమిషంలోనే అది చల్లగా మారితే పెల్టియర్ రకం, అంటే కరెంటుతో పలకనే చల్లబరిచేది. గదిలో 30 డిగ్రీల వేడి, గాలిలో 70 శాతం తేమ ఉన్నప్పుడు సుమారు 24 డిగ్రీలకు చల్లబడిన ఏ వస్తువు మీదైనా తేమ చుక్క కడుతుంది. ఫ్రిజ్‌లోంచి తీసిన సీసాకు చెమట పట్టినట్టే. ఆ చుక్కలు ఛార్జింగ్ రంధ్రంలోకో స్పీకర్ జల్లెడలోకో జారతాయి. ఒక్కోసారి వెనక అద్దం లోపలివైపే తేమ పడుతుంది. ఫోన్ మీద ఐపీ68 అని, అంటే నీటిని తట్టుకుంటుందని రాసి ఉంది కదా అంటారేమో. అది బయటి నీటిని ఆపగలదా లేదా అని కొత్త ఫోన్‌కు చేసే పరీక్ష. అప్పటికే లోపల ఉన్న గాలిలోని తేమ చుక్క కట్టడాన్ని ఏ సీలూ ఆపలేదు.

చాలా ఫోన్లలో సిమ్ ట్రే తీసి టార్చి వేసి చూస్తే లోపల చిన్న తెల్లటి స్టిక్కర్ కనిపిస్తుంది. నీరు తగిలితే అది ఎర్రబడుతుంది. మామూలు ఉక్కపోతకు మారదు. మీ ఫోన్‌లో ఎర్రబడి ఉంటే, నీరు తగిలిందన్న సర్వీస్ సెంటర్ మాట నిజమే. నీటి వల్ల కలిగే నష్టం వారంటీలో రాదని ఫోన్ కంపెనీలు ముందే రాసుకుంటాయి. ఆ షరతే అన్యాయమని వాదించాలంటే దాన్ని 'అన్యాయమైన ఒప్పందం'గా రాష్ట్ర వినియోగదారుల కమిషన్‌కు తీసుకెళ్లాలి, జిల్లా కమిషన్‌కు ఆ అధికారం లేదు. పైగా ఫోన్ కంపెనీ దగ్గర 'నీరే తగల్లేదు' అని, కూలర్ వాళ్ల దగ్గర 'మీ వస్తువు వల్లే నీరు పట్టింది' అని చెబితే రెండు వాదనలూ ఒకదాన్నొకటి తినేస్తాయి. ఏదో ఒకటే పట్టుకోండి. స్టిక్కర్ తెల్లగానే ఉంటే మాత్రం లెక్క మారుతుంది. అప్పుడు ఫోన్ కంపెనీ మీదే సేవాలోపం ఫిర్యాదు వేయాలి.

ఇక కూలర్ విషయం. వినియోగదారుల పరిరక్షణ చట్టం 2019లో 'ప్రొడక్ట్ లయబిలిటీ' (వస్తువు వల్ల జరిగిన హానికి బాధ్యత) పేరుతో 82 నుంచి 87 వరకు సెక్షన్లు ఉన్నాయి. సరైన వాడకం సూచనలు గానీ హెచ్చరిక గానీ లేకుండా వస్తువు అమ్మి, దానివల్ల హాని జరిగితే తయారీదారుడే బాధ్యుడని సెక్షన్ 84 చెబుతుంది. మీ పెట్టెలోని కాగితం తీసి చదవండి. తేమ ఉన్నచోట వాడొద్దు, ఛార్జింగ్ పెట్టి వాడొద్దు, ఇన్ని నిమిషాలకు ఆపండి వంటి మాట ఒక్కటీ లేకపోతే కేసు అక్కడే సగం నిలబడినట్టు. ఆ మాట ఉండి మీరు పట్టించుకోకపోతే, దుర్వినియోగమని సెక్షన్ 87 అడ్డం పెడతారు. అందుకే ఎంతసేపు, ఏ గదిలో వాడారో ఉన్నదున్నట్టు రాయండి.

తయారీ కంపెనీ ఎక్కడో విదేశంలో ఉంటే దిగులొద్దు. వేరేవాళ్లు తయారుచేసిన వస్తువు మీద తన బ్రాండు ముద్ర వేసుకున్నవాడు కూడా ఈ చట్టం దృష్టిలో తయారీదారుడే. దిగుమతి చేసుకున్నవాడు అమ్మకందారు కిందికి వస్తాడు. తయారీదారు ఎవరో తెలియకపోయినా, నోటీసు అందించే వీలు లేకపోయినా, అమ్మకందారే జవాబు చెప్పాలని సెక్షన్ 86. పెట్టె మీద తయారీదారు లేదా దిగుమతిదారు పేరు, చిరునామా, తయారైన దేశం ఉండాలన్నది 2011 నాటి ప్యాకేజ్డ్ కమోడిటీస్ నిబంధన. లేకపోతే ఆరు వైపులా ఫొటోలు తీసుకోండి, పనికొస్తాయి. అమ్మినవాళ్ల చిరునామా కోసం ఆన్‌లైన్ వేదికకు రాతపూర్వకంగా రాయండి, 2020 ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం ఇవ్వాల్సిందే. అదే నిబంధనల్లో ఫిర్యాదుల అధికారి 48 గంటల్లో అందినట్టు చెప్పాలి, నెలలో పరిష్కరించాలి.

ఏడు రోజుల మాట వాళ్ల దుకాణం పద్ధతి. చట్టం ఇచ్చిన గడువును అది తగ్గించలేదు. సెక్షన్ 69 ప్రకారం నష్టం జరిగిన రోజు నుంచి రెండేళ్లలోగా ఫిర్యాదు చేయవచ్చు.

అడగాల్సింది రెండు పద్దుల కింద అడగండి. చాలామంది ఇక్కడే తప్పటడుగు వేస్తారు. ప్రొడక్ట్ లయబిలిటీలో 'హాని' అంటే ఆ వస్తువు కాకుండా మిగతా ఆస్తికి జరిగిన నష్టం. కాబట్టి ఫోన్ నష్టం ఆ పద్దులో, కూలర్ ధర మాత్రం లోపభూయిష్టమైన సరుకు కింద వాపసు పద్దులో చూపాలి. మానసిక వేదన, ఖర్చులు విడిగా రాయండి. వాడిన ఫోన్‌కు కొత్త ఫోన్ ధర అడగొద్దు. రిపేర్ అంచనా కాగితం జతచేసి ఆ మొత్తమే అడిగితే కమిషన్‌కు నమ్మకం కుదురుతుంది.

ఇప్పుడు చేయాల్సిన పని: సర్వీస్ సెంటర్ నుంచి సంతకం, తేదీ ఉన్న జాబ్‌షీట్ (ఫోన్‌ను చూసి ఏం తేలిందో రాసిచ్చే కాగితం) తీసుకోండి. నోటిమాట పనికిరాదు. తడి ఎక్కడ కనిపించిందో అందులో రాయమనండి, ఎర్రబడిన స్టిక్కర్‌ను ఫొటో తీయండి. ఫోన్‌ను బియ్యం డబ్బాలో పెట్టొద్దు, బయట ఎవరితోనూ విప్పించొద్దు. విప్పితే నష్టానికి కారణం మీరేనన్న వాదన వస్తుంది. కూలర్‌ను వాపసు పంపొద్దు, అది సాక్ష్యం. ఆర్డర్ పేజీలో ఉన్న వివరణ, ఫొటోలు మారిపోకముందే తేదీ కనిపించేలా స్క్రీన్‌షాట్లు దాచండి.

ఆ తర్వాత 15 రోజుల గడువుతో అమ్మకందారుకు, బ్రాండు యజమానికి, వేదికకు రిజిస్టర్డ్ పోస్టులో నోటీసు పంపండి, మెయిల్ కూడా చేయండి. ఈలోగా జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేస్తే కొన్ని కంపెనీలు అక్కడికే దిగివస్తాయి. దిగిరాకపోతే మీరు ఉంటున్న జిల్లా కమిషన్‌లోనే కేసు వేయవచ్చు, వినియోగదారుల కమిషన్ల ఆన్‌లైన్ పోర్టల్ ఈ-జాగృతిలో దాఖలు చేసే వీలుంది. చెల్లించిన ధర 5 లక్షల లోపైతే ఫీజు లేదు. వకీలు తప్పనిసరి కాదు. ఫోన్ కంపెనీని చేర్చాలనుకుంటే వాళ్ల నుంచి డబ్బు అడగకుండా, జాబ్‌షీట్ తమదేనని చెప్పే ప్రతివాదిగా మాత్రమే చేర్చండి.

ఎదుటివాళ్లు 30 రోజుల్లో జవాబివ్వాలి, అవసరమైతే కమిషన్ మరో 15 రోజులు ఇస్తుంది. కూలర్‌ను ప్రయోగశాలకు పంపమని మీరే దరఖాస్తు పెట్టండి. కమిషన్ సీలు వేసి పంపుతుంది, నివేదిక 45 రోజుల్లో రావాలి. పరీక్ష రుసుం ముందుగా మీరే కట్టాలి. కేసు గెలిస్తే ఖర్చుల పద్దులో ఆ మొత్తాన్ని కూడా కలిపి అడగండి.